ప్రొఫెసర్ చెప్పని సగం

మా పక్క ఫ్లాటు అమ్మాయి డబ్బాలోంచి గోంగూర పచ్చడి వేయించుకుని తిన్న మనిషి, తన దేశం వెళ్ళి ఎన్నికల సభలో ఆ అమ్మాయినే మర్యాద తెలియనిదానిగా నిలబెట్టాడు. దానికి నా మాటనే సాక్ష్యం చేసుకున్నాడు. నన్ను అడగలేదు. ఆ అమ్మాయినీ అడగలేదు.

ఆయన జర్మనీలో న్యాయశాస్త్రం చెప్పే ప్రొఫెసర్. ఏటా కొన్ని నెలలు సింగపూర్ వచ్చి ఇక్కడి విద్యార్థులకి పాఠాలు చెప్పేవాడు. నేను తంజోంగ్ పగార్ పోర్టులో క్రేన్ నడిపి రిటైరైనవాణ్ణి. మా తాత విశాఖ వైపు నుంచి ఓడెక్కి వచ్చాడు. నేను పుట్టింది ఇక్కడే. చదువు చిన్న క్లాసుల్లోనే ఆగిపోయింది. మిగతాది పోర్టు క్యాంటీన్లో పాత పేపర్లూ, లైబ్రరీ పుస్తకాలూ చదివి నేనే సంపాదించుకున్నాను. అందుకే ప్రొఫెసర్లంటే నాకు గౌరవం ఉంది గానీ భయం లేదు.

రిటైరయ్యాక కూడా మధ్యాహ్నం భోజనానికి మా ఇల్లున్న బుకిట్ పంజాంగ్ నుంచి బస్సెక్కి పోర్టు దగ్గర తిండి కొట్లన్నీ ఒకచోట ఉండే పాత హాకర్ సెంటర్‌కే పోయేవాణ్ణి. "ఇంట్లో అన్నం లేదా?" అని మా ఆవిడ సణుగుడు. అక్కడే ఒకరోజు ఈయన సూపు గిన్నె పట్టుకుని నా బల్ల ముందు నిలబడ్డాడు. నేను కూర్చోమనేదాకా కూర్చోలేదు. అంత ఉక్కలో మెడకి టై! కూర్చున్నాక ఆ టై తీసి భుజం మీదకి వేసుకున్నాడు, మా నాయనమ్మ పనిలో దిగేముందు కొంగు దోపుకున్నట్టు. ఎందుకయ్యా ఈ తిప్పలు అంటే, వాళ్ళమ్మ పెంపకమట. యుద్ధం ముగిసిన కరువు రోజుల్లో, తినడానికి ఉడికిన బంగాళాదుంప ఒక్కటే ఉన్నా కాలర్ బొత్తాం పెట్టుకుని కూర్చోవాలనేదట. ఆ ఒక్క మాటతో ఆయన నాకు నచ్చేశాడు.

ఆయనది పాతకాలపు బుర్ర. ఉన్నదేదైనా మార్చాలంటే ముందు అది ఎందుకుందో చెప్పమనేవాడు. రోడ్డు మీద ఒక్క కారు లేకపోయినా సిగ్నల్లో ఎర్రబొమ్మ పోయి ఆకుపచ్చబొమ్మ వచ్చేదాకా కదిలేవాడు కాదు. నేను దాటేసి అవతల నిలబడి ఆయన కోసం ఎదురుచూడాల్సిందే. నేను యూనియన్ మనిషిని. పెళ్ళి, చర్చి, జెండా, జీతం, దేని మీదైనా కసిగా పోట్లాడుకునేవాళ్ళం. ఆయన వచ్చే రోజులు దగ్గరపడితే నేను చొక్కాలు ఇస్త్రీ చేయించుకోవడం చూసి మా ఆవిడ, "ఏం, మీ జర్మనీ వియ్యంకుడు దిగుతున్నాడా?" అని నవ్వేది.

ఆయనకి మా చోప్ ఆచారమంటే మహా ఇష్టం. ఖాళీ బల్ల మీద టిష్యూ ప్యాకెట్ పెట్టి భోజనం తెచ్చుకోవడానికి పోతే, ఎంత రద్దీలోనైనా అక్కడ ఇంకొకరు కూర్చోరు. "ఏ పార్లమెంటూ చేయలేదు, ఏ పోలీసూ కాపలా కాయడు, అయినా నడుస్తోంది. ఏడాదంతా నా క్లాసులో గొంతు చించుకునేది దీని గురించే" అని మురిసిపోయేవాడు.

అవి కంప్యూటర్ల జోరు రోజులు. మన తెలుగు పిల్లలు విమానాల నిండా దిగుతున్నారు. ఒక మధ్యాహ్నం మేమిద్దరం ప్యాకెట్ పెట్టి వెళ్ళొచ్చేసరికి మా బల్ల దగ్గర, మెడలో ఆఫీసు కార్డుతో ఒక అమ్మాయి కూర్చుని ఉంది. ప్యాకెట్ లేదు. నాకు చిర్రెత్తింది. ట్రేతో నడుస్తూనే ప్రొఫెసర్‌తో ఇంగ్లీషులో అన్నాను, "వీళ్ళకి మెషీన్లు తెలుసు, మర్యాద తెలీదు."

అది మొదటి సగం.

దగ్గరికెళ్ళి, ఇక్కడి అలవాటు కొద్దీ తమిళంలో మొదలెట్టాను. ఆ పిల్ల బిక్కమొహం వేసి, "అయ్యో, నాకు తమిళం రాదండీ" అంది తెలుగులో. గుంటూరు తెలుగు.

"ఇక్కడి ప్యాకెట్ ఏం చేశావమ్మా?"

"ఎవరో మర్చిపోయారనుకుని ఆ డ్రింక్స్ ఆంటీకి ఇచ్చొచ్చానండీ, వస్తే ఇచ్చెయ్యమని."

డ్రింక్స్ ఆవిడ అక్కణ్ణుంచే ప్యాకెట్ ఊపుతూ, "అంకుల్, షీ థింక్ యూ ఫర్గెట్ లాహ్! ఓల్డ్ మ్యాన్ ఆల్రెడీ!" అని అరిచింది. చుట్టూ నవ్వులు. ఆ అమ్మాయి లేవబోతే నేనే కూర్చోమన్నాను. తన డబ్బా తెరిచి మా ఇద్దరి అన్నంలోనూ గోంగూర పచ్చడి వేసింది. ప్రొఫెసర్ ముక్కు కారుతున్నా రెండోసారి అడిగి వేయించుకున్నాడు. పైగా నన్నే దెప్పాడు, "దొరికిన వస్తువు సొంతదారుకి చేరాలని చూసిన మనిషికా మర్యాద తెలీదన్నారు?"

ఇది రెండో సగం.

తర్వాత ఆ అమ్మాయికి మా పక్క ఫ్లాటులోనే అద్దె గది చూపించాను. సాయంత్రం ఆఫీసు నుంచి రాగానే మా ఇంట్లో కాఫీ. మా మనవలు తెలుగులో అడిగితే ఇంగ్లీషులో జవాబిచ్చే రకం. ఈ అమ్మాయి వచ్చాకే మా ఆవిడకి కబుర్లకి తోడు దొరికింది.

ఇంతలో ప్రొఫెసర్ ఎన్నికల్లో నిలబడ్డాడు. ఊళ్ళో పెద్దలు అడిగారట. నేను వద్దనే రాశాను: ప్రొఫెసర్ తప్పు చెబితే విద్యార్థి చెయ్యెత్తుతాడు, నాయకుడు తప్పు చెబితే జనం చప్పట్లు కొడతారు అని. వింటేగా! బయటి దేశాల కంప్యూటర్ ఇంజినీర్లని తెచ్చుకోవాలా వద్దా అని అక్కడ పెద్ద గొడవ. వద్దన్న పార్టీ ఈయనది. అననీ, ఆయన దేశం, ఆయన ఓటు.

ఆ అమ్మాయి పనిచేసేది జర్మన్ కంపెనీలో. ఆ భాష కొంత నేర్చుకుంది. ఒక సాయంత్రం ఆయన ప్రసంగం ప్రింటు తీసుకొచ్చి, కాఫీ ముట్టకుండా, నిలబడే చదివి అర్థం చెప్పింది. సింగపూర్‌లో ఒక ఇంజినీరమ్మాయి పరాయివాళ్ళు పెట్టుకున్న గుర్తు తీసేసి బల్ల ఆక్రమించిందట. వీళ్ళకి మెషీన్లు తెలుసు, మర్యాద తెలీదు అని అక్కడి ఇండియన్ మిత్రుడే అన్నాడట. సభంతా చప్పట్లట.

"ఈ మాట మీరన్నారా అంకుల్?"

"అన్నానమ్మా, నీతో మాట్లాడకముందు..."

"నాతో ఒక్కసారైనా చెప్పలేదే!"

వెళ్ళిపోయింది. ఆ వారమంతా రాలేదు. కారిడార్లో ఎదురైతే "గుడ్ మార్నింగ్ సార్" అంది. అంకుల్ పోయి సార్ని అయ్యాను. మా ఆవిడ మూడో కప్పు కడిగి బోర్లించి, "మీ వియ్యంకుడు మనింటి పిల్లని చూపించి ఓట్లడుక్కున్నాడు" అంది.

ఆయనకి రాశాను: "మీ అభిప్రాయం మీ ఇష్టం. నా మాట సగానికి కోసి వాడుకోవడం మీ ఇష్టం కాదు. అదే హాల్లో, అదే జనం ముందు మిగతా సగం చెప్పండి." జవాబుగా పార్టీ ఆఫీసు నుంచి ఆయన నవ్వుమొహంతో రంగుల కార్డొకటి వచ్చింది: మీ మద్దతుకి ధన్యవాదాలు! నా మద్దతట! ఒళ్ళు మండి ఈసారి ఆ కార్డు జతచేసి, ఆ అమ్మాయి మా ఇంటికి కాఫీకి రావడం మానేసిన సంగతీ చేర్చి, నేరుగా ఆయన ఇంటికే రాశాను: "పచ్చడి రెండోసారి అడిగి వేయించుకున్న సంగతి మీ సభవాళ్ళకి తెలుసా?"

చాలా రోజులకి చేత్తో రాసిన జవాబొచ్చింది:

"మిత్రమా, ఆ కార్డు సంగతి నాకు తెలీదు, అది మా ఆఫీసు తెలివి. సభ సంగతి మాత్రం నాదే. చప్పట్లు వినబడగానే ఆగిపోయాను. క్లాసులో ఎప్పుడూ అలా ఆగలేదు. నిన్న అదే హాల్లో మిగతా సగం చెప్పాను. ముందు వరసలో కొందరు టోపీలు తీసుకుని లేచి వెళ్ళారు. మా పార్టీవాళ్ళు నాతో ఇంకా మాట్లాడటం లేదు. ఇంజినీర్ల విషయంలో నా అభిప్రాయం మారలేదు, మార్చమని మీరూ అడగలేదు. ఎన్నిక ఏమవుతుందో తర్వాత రాస్తాను. ఆ అమ్మాయి మీ ఇంటికి కాఫీకి వస్తోందా లేదా, ముందు మీరు అది రాయండి."