మెట్ల మలుపులో ఆగిన దీవాన్

2021 జూన్‌లో నేను సూరత్‌లో, ఉధనా రోడ్డు మీదున్న ఒక ఫర్నిచర్ షోరూములో కస్టమర్ సర్వీస్ మేనేజరుగా పనిచేస్తున్నాను. ఆ నెలలో ఒక రోజు, కొన్నవాళ్ల ఇంట్లోకి పట్టని మంచాన్ని వెనక్కి తెప్పించాల్సింది పోయి, మెట్ల కింద దింపించి, ‘సరుకు సరిగ్గా అందింది’ అని వాళ్ల చేత సంతకం పెట్టించాను. అది పొరపాటున జరిగింది కాదు. ఫోనులో చెప్పి చేయించాను, తప్పని ఫోన్ పెట్టేసేలోపే నాకు తెలుసు.

ఈ పని గురించి తెలియనివారి కోసం కొంత చెప్పాలి. పెద్ద సామాను అమ్మాక, టెంపో ఎక్కించే ముందు, షాపు మనిషి టేపు పట్టుకుని కొన్నవారి ఇంటికి వెళ్తాడు. వాకిలి వెడల్పు, మెట్ల వెడల్పు, మలుపు దగ్గరి జాగా, పైకప్పు ఎత్తు కొలుస్తాడు. దీన్ని సైట్ చెక్ అంటాం. బీరువా గానీ సోఫా గానీ తిన్నని మెట్ల మీద ఆగడం అరుదు. ఆగితే మలుపులోనే ఆగుతుంది. కరోనా వచ్చాక ఇళ్లకు వెళ్లడం మానేశాం. కస్టమరే మెట్ల మీద టేపు పరిచి, ఫోనులో వీడియో తీసి పంపాలి. అది చూసి ‘పడుతుంది’ అని రాసి సంతకం చేయాల్సింది నేను. ఇంత చేసినా సామాను పట్టకపోతే, డెలివరీ సూపర్‌వైజరు సరుకు వెంట వెళ్లే రసీదు (చలానా) మీద ‘స్థలంలో పట్టలేదు’ అని రాసి దాన్ని వెనక్కి తేవాలి. ఆ రాతే కొన్నవారికి రక్షణ. అలా వెనక్కి వచ్చిన ప్రతి సరుకూ సైట్ చెక్ చేసినవాడి తప్పు కింద లెక్కకు వస్తుంది.

కొన్న మనిషి పేరు రాజేశం. లింబాయత్‌లో ఒక మగ్గాల షెడ్డు పైన ఒక గదిలో ఉంటాడు, పాండేసరలో మగ్గం నడుపుతాడు. భార్య సుగుణ వానకు తడిసిన అరుగు మీద జారిపడి తుంటి ఎముక విరగ్గొట్టుకుంది. ఆపరేషన్ అయింది. కొన్ని నెలలపాటు నేల మీద కూర్చోకూడదు, పడుకోకూడదు, గట్టి మంచం ఉంటేనే ఇంటికి తీసుకెళ్లమని డాక్టరు చెప్పాడు. వాళ్ల గదిలో చాపలు, ఒక నవారు మంచం తప్ప ఏమీ లేవు. అందుకని కింద పెట్టె ఉండే దీవాన్ కొన్నాడు. దుప్పట్లు కూడా అందులోనే పెట్టుకోవచ్చని సుగుణే ఎంచుకుందట. ఆమె ఇంటికి రావడం ఆ దీవాన్ మీద ఆధారపడి ఉందని నాకు మొదటి రోజే తెలుసు. ఆ మాట అతనే చెప్పాడు.

వీడియో అడగడానికి ఫోన్ చేసినప్పుడు మొదట హిందీలో మాట్లాడుకున్నాం. అతని హిందీలో మా కరీంనగర్ వైపు యాస వినిపించి నేను తెలుగులోకి మారాను. అతను నవ్వాడు.

“గిదేంది సార్, తెలుగోళ్లయ్యుండి గింతసేపు నాతోటి హిందీ కొట్టిపిచ్చిన్రు.”

మా నాన్న కూడా సిరిసిల్ల నుంచి మగ్గం పనికే సూరత్ వచ్చాడని చెప్పాను. ఆ మాటతో నేను సార్ నుంచి అన్నను అయిపోయాను. మెట్ల సంగతి అడిగితే, “మెట్లు ఒక పన్నా ఉంటయన్నా. మలుపు కాడ కూడ గంతే. మీకు చెప్పేదేముంది, మీరు మగ్గమోళ్లే గద” అన్నాడు.

పన్నా అంటే గుడ్డ వెడల్పు. మగ్గాల మధ్య బతికేవాళ్లు దేన్నైనా దాంతో పోల్చి చెబుతారు. కానీ ఏ గుడ్డ పన్నా ఆ గుడ్డదే. మా నాన్న నేసింది నలభై ఎనిమిది అంగుళాల పన్నా. నా చెవికి ఆ మాటకు ఆ అర్థమే తెలుసు. రాజేశం నేసేది అస్తరు గుడ్డ, ముప్ఫై ఆరు అంగుళాలు. నలభై ఎనిమిదైతే ఆ దీవాన్ మలుపులో తిరుగుతుంది, ముప్ఫై ఆరైతే తిరగదు. ఎన్ని అంగుళాలని నేను అడగలేదు. వీడియో కూడా అడగలేదు. సొంత మనుషుల మాట సొంత భాషలో విన్నానన్న సంతోషంలో ‘పడుతుంది’ అని రాసి సంతకం చేశాను.

డెలివరీ రోజు మా సూపర్‌వైజరు జిగ్నేష్ లింబాయత్ నుంచి ఫోన్ చేశాడు. “నహీ జాయేగా, సాహెబ్. దాదర్ మలుపులో ఇరుక్కుంది” అన్నాడు. దాదర్ అంటే మెట్లు. తాడు కట్టి బాల్కనీ మీదుగా ఎక్కిద్దామంటే ముందు ఇనుప గ్రిల్, దానికి ఆనుకుని కరెంటు తీగలు. ఆ దీవాన్ ఫ్యాక్టరీలోనే బిగించి వచ్చేది, విప్పి పైన మళ్లీ బిగించే రకం కాదు. వెనక్కి తెచ్చెయ్యనా అని అడిగాడు.

నాకు పదవీ విరమణ దగ్గర పడుతోంది. మరో ఏడాది పొడిగింపు ఇస్తారన్న ఆశ ఉంది. ఆ సమయంలో, సైట్ చెక్ చేయకుండానే చేసినట్టు సంతకం పెట్టిన సరుకు వెనక్కి రావడం నాకు ఇష్టం లేదు. తేవద్దన్నాను. కింద దింపి సంతకం తీసుకోమన్నాను. జిగ్నేష్ “మరి ఆ మాట ఆయనకు మీరే చెప్పండి సాహెబ్, నాకు మీ భాష రాదు” అని ఫోన్ రాజేశానికి ఇచ్చాడు. రాజేశానికి హిందీ వచ్చని తెలిసే అలా అన్నాడు.

“ఇప్పటికైతే సంతకం పెట్టు రాజేశం. నేను చూసుకుంటా” అన్నాను.

“నువ్వు చెప్పినంక పెట్టనా అన్నా” అన్నాడు అతను.

కింది మగ్గాల షెడ్డు యజమాని దీవాన్‌ను లోపల పెట్టనివ్వలేదు. మెట్ల పక్కన ప్లాస్టిక్ పట్టా కప్పి ఉంచారు. రాజేశం రోజూ ఫోన్ చేసేవాడు. పైఆఫీసు అనుమతి రావాలని చెప్పేవాణ్ణి. నిజానికి నేను పైఆఫీసుకు ఏమీ రాయలేదు. రాస్తే మొదటి ప్రశ్న వీడియో ఏదని. కొన్నాళ్లకు అతని ఫోన్ ఎత్తడం మానేశాను. ఈలోగా ఆసుపత్రిలో మంచం ఖాళీ చేయాలన్నారు. సుగుణను ఊరి బయట జోల్వాలో ఆమె చెల్లెలి ఇంటికి తీసుకెళ్లారు. అక్కడ మగ్గాల పక్కన కింది గదుల్లో కాపురాలు. వానలు ముదిరాయి. గల్లీలో నీళ్లు నిలిచి దీవాన్ ప్లైవుడ్ అడుగు ఉబ్బిపోయింది. అప్పుడు రాజేశం ఎవరిచేతో రాయించి షాపుకు ఫిర్యాదు పంపాడు. దానికి జవాబు ఇంగ్లీషులో రాసింది నేనే.

ఆ జవాబు పట్టుకుని అతను షోరూముకు వచ్చాడు. గేటు దగ్గర నుదుటికి జ్వరం చూసే తుపాకీ పెట్టించుకుని, మాస్కు సర్దుకుని, నా కౌంటరు ముందు నిలబడ్డాడు. మా ఇద్దరి మధ్య ప్లాస్టిక్ తెర ఉంది. దాని కింది సందులోంచి ఉత్తరం తోశాడు.

“గిండ్ల ఏం రాసిండ్రో జర తెలుగుల చెప్పుండ్రి సార్.”

అందులో ఉన్నది ఇదీ: కస్టమరు సరుకును తగినవిధంగా పరిశీలించి, మంచి స్థితిలో స్వీకరించారు. తదుపరి నష్టానికి సంస్థ బాధ్యత వహించదు. ఉద్యోగ జీవితంలో అలాంటి వాక్యాలు ఎన్ని రాశానో నాకే తెలియదు. దాన్ని అతని భాషలో చెప్పడం మొదలుపెట్టాను. “నువ్వు మంచిగా చూసుకుని తీసుకున్నవని…” అనగానే అతను ఆపాడు.

“నేను సూసుకున్ననా?” అన్నాడు. గొంతులో కోపం లేదు. నిజంగానే తెలుసుకోవాలని అడిగినట్టు అడిగాడు. “సంతకం పెట్టుమన్నదెవరు సార్?”

నేనే అన్నాను. వీడియో అడగకుండా సంతకం చేసిన సంగతి, పైఆఫీసుకు ఏమీ రాయని సంగతి కూడా చెప్పాను. జిల్లా వినియోగదారుల కమిషన్‌లో ఫిర్యాదు చేయమన్నాను.

అతను ఉత్తరం వెనక్కి తీసుకున్నాడు. “ఉత్తరం మీరే రాస్తరు. మీమీద కేసెయ్యిమని మీరే చెప్తరు. గిదేం లెక్క సార్?”

“నేను చెప్పేది నిజమని రాసి సంతకం చేసిస్తా” అన్నాను. సంతకం మాట మీద అతనికి అప్పటికి నమ్మకం పోయింది. ముందు సుగుణతో మాట్లాడమన్నాడు.

ఆదివారం జోల్వా వెళ్లాను. సుగుణ గోడకు ఆనించిన మంచం మీద కాళ్లు చాపుకుని ఉంది. చుట్టూ మగ్గాల చప్పుడు. గట్టిగా మాట్లాడితే తప్ప వినపడదు.

“రాండ్రి సారూ. గీ మంచం మా చెల్లె అత్తది. నేనొచ్చి గుంజుకున్న. ముసల్ది కింద పండుకుంటది. పొద్దుగాల లేసి నన్ను సూసి మూతి తిప్పుతది. తిప్పదా మరి?”

క్షమించమన్నాను. ఆమె చేయి ఊపింది.

“మాఫీ నేనేం జేసుకోను? ఇంటికెప్పుడు పోత, గది చెప్పుండ్రి. మీరు మనోళ్లని మేం గుడ్డిగ ఉన్నం. గుజరాతీ సేఠ్ దుకాణమైతే రెండుమాట్ల కొలుసుకుంటుంటిమి.”

తిరిగి వచ్చిన మర్నాడే జరిగింది జరిగినట్టు రాసి అహ్మదాబాదులోని రీజనల్ మేనేజరుకు పంపాను. ఆయన మర్యాదగానే మాట్లాడారు. కొలత తప్పు చెప్పింది కస్టమరే కదా, ఆ ఒక్క మాట మీద నిలబడితే చాలు, మిగతావి రాయనక్కర్లేదు అన్నారు. ఆ మాటలో కొంత న్యాయం లేకపోలేదు. అదే ఇక్కడ పాఠకులు తెలుసుకోవాల్సిన విషయం.

ఇంట్లో పట్టకపోవడం సరుకు లోపం కాదు. కొన్నవారు తామే కొలుచుకుని, పడుతుందనుకుని కొంటే, పట్టనందుకు షాపు బాధ్యత సాధారణంగా ఉండదు. వెనక్కి తీసుకోవడం షాపు పెట్టుకున్న నియమాన్ని బట్టి ఉంటుంది. కానీ చూసి చెప్పే పని షాపు తన మీద వేసుకుని, చూడకుండా ‘పడుతుంది’ అంటే, అది సేవలో లోపం. దానికి ఫిర్యాదు చేయవచ్చు. కొత్త వినియోగదారుల చట్టం వచ్చాక, కొన్నవారు తాము ఉంటున్న ఊళ్లోనే ఫిర్యాదు వేసుకోవచ్చు. ఇక రసీదు మీద సంతకం పెట్టినంత మాత్రాన హక్కంతా పోదు. పోయిందని మేం ఉత్తరాల్లో రాసేవాళ్లం, చాలామంది నమ్మేవారు.

రాజేశం ఫిర్యాదు వేశాడు. దానితోపాటు నేనిచ్చిన వాంగ్మూలం జతచేశాడు. సైట్ చెక్ జరగలేదని, సరుకు వెనక్కి తెస్తానన్న సూపర్‌వైజరును ఆపింది నేనని, నా మాట మీదే సంతకం పెట్టాడని అందులో ఉంది. జిగ్నేష్ మీదికి ఏమీ పోకుండా చూశాను. అది అతనికి చేసిన మేలేమీ కాదు, జరిగింది అదే. కంపెనీ వకీలుకు కస్టమరు కొలత మీద వాదించే వీలు లేకుండా పోయింది. కమిషన్ ఇరుపక్షాలనూ మధ్యవర్తి దగ్గరికి పంపింది. అక్కడ రెండు సమావేశాల్లో తేలిపోయింది. ఉబ్బిన దీవాన్ కంపెనీ తీసుకుపోయింది, డబ్బు వాపసు చేసింది, రాజీలో భాగంగా వాళ్లు కోరినట్టు విడి భాగాలుగా వచ్చే ఇనుప మంచం పంపింది. దాన్ని పంపేముందు లింబాయత్ మెట్లు నేనే వెళ్లి కొలిచాను. దసరా దాటాక సుగుణ తన గదికి వెళ్లింది. మెట్లు ఎక్కడానికి చాలాసేపు పట్టిందని, పైకి చేరాక మొదట మంచాన్ని ఊపి చూసిందని రాజేశం చెప్పాడు. వానాకాలమంతా ఆమె పరాయి ఇంట్లో గడిపింది. ఆ కాలాన్ని ఏ కమిషనూ తిరిగి ఇప్పించలేదు. దానికి పరిహారం అడగమన్నాను, వద్దన్నారు.

నాకు పొడిగింపు రాలేదు. రావాల్సింది కూడా కాదు.

సొంత మనుషులన్న చనువు నా చేత పని ఎగ్గొట్టించింది. ఆ ఎగవేతను దాచుకోవడానికి అదే చనువును మళ్లీ వాడుకున్నాను. మొదటిది అజాగ్రత్త, రెండోది మోసం. నేను నేర్చుకున్నది ఈ తేడా. ఇంతకంటే గొప్పగా చెప్పడానికి ఏమీ లేదు.

విరమణ తర్వాత ఆదివారాలు లింబాయత్‌లో, జోల్వాలో మన మగ్గం కుటుంబాలకు షాపులతో వచ్చే తగాదాలు చూసిపెడుతున్నాను. ఫ్రిజ్జు వంటింట్లోకి పట్టలేదని, బీరువా తలుపు గోడకు తగిలి తెరుచుకోవడం లేదని వస్తారు. తప్పు షాపుదైతే ఫిర్యాదు రాసిస్తాను. కొన్నవారిదైతే ఆ మాటే చెబుతాను, కొందరు నొచ్చుకుని వెళ్లిపోతారు. ఎవరు పిలిచినా ముందు వాళ్ల ఇంటికి వెళ్లి కొలుస్తాను. మాట్లాడేది ఆ తర్వాతే.