లచ్చమ్మ మాట కింద కల్లేదారు పేరు

నాలుగేళ్లుగా నేను మోస్తున్నది ఒక చిన్న మాట. 'పైదే'. పేజీ అడుగున, ఫుట్‌నోట్లలో, సన్నని అక్షరాల్లో కనిపించే మాట. ఇంతకుముందు నోట్‌లో పేరున్న మనిషే ఈ సంగతి కూడా చెప్పారని దాని అర్థం. ఆ మాటతో నేను ఒక మనిషి చెప్పినదాన్ని ఇంకొకరికి కట్టబెట్టాను. తెలిశాక కూడా నోరు మెదపలేదు. వాయిదా వేయడానికి ఇక నా దగ్గర కారణాలు లేవు. అందుకే మీకు చెబుతున్నాను.

పాల్వంచ కంపెనీ క్వార్టర్స్‌లో పెరిగాను. సివిల్ ఇంజినీరింగ్ చదివాను. ఉద్యోగం దొరికేలోపు ఒక సంస్థలో సర్వే పనికి చేరాను. భద్రాచలం వైపు అడవి అంచు ఊళ్లలో ఏ ఇప్పచెట్టు ఏ కుటుంబానిదో రాయడం మా పని. బయటివాళ్లకు అది ఒట్టి అడవి. అక్కడివాళ్లకు ప్రతి ఇప్పచెట్టు వెనకా ఒక ఇల్లుంది. పువ్వు రాలే ముందు ఏ చెట్టు కింద ఎవరు ఆకులు ఊడ్చి కాలుస్తారో ఆ చెట్టు వాళ్లది. ఇంకొకరు దాని కింద పువ్వు ఏరరు.

గుట్ట వాలు మీది చెట్ల సంగతి చెప్పింది లచ్చమ్మ అనే కోయ ముసలావిడ. నన్ను వెంటబెట్టుకుని చెట్టు చెట్టుకూ తిప్పింది. ఒకచోట ఆగి, "గిది మా అత్త చెట్టు. బతికున్నన్ని దినాలు నన్ను కింద కూసోనియ్యలె. ఇప్పుడు చూడు, నాదే!" అని నవ్వింది. నేను నవ్వలేదు. జీపీఎస్ పాయింట్ తీసుకుంటున్నాను.

రిపోర్టులో ఆమె పేరు, ఊరు, మాట్లాడిన రోజు ఒక ఫుట్‌నోట్‌లో పూర్తిగా రాశాను. తర్వాతి ఏడింటిలో 'పైదే' అని పెట్టాను. చూడ్డానికి శుభ్రంగా ఉంది. నాకు శుభ్రత ఇష్టం. ప్రింటుకు పోయే ముందు మా సారు, తునికాకు కొనే కల్లేదారు చెప్పిన మాట కూడా ఒకటి చేర్చమన్నారు. చేర్చాను. దాని నోట్ సరిగ్గా లచ్చమ్మ నోట్ కింద పడింది. నంబర్లను కంప్యూటరే సర్దింది. కింది 'పైదే'లను ఎవరు సర్దాలి? నేను. చూడలేదు. అత్త చెట్టుతో సహా ఆ ఏడు సంగతులూ కల్లేదారు చెప్పినవైపోయాయి.

తర్వాత ఒక మధ్యాహ్నం ఫారెస్టువాళ్లు ఊళ్లో మీటింగు పెట్టారు. గుట్ట మీద నీలగిరి తోట వేసేటప్పుడు ఏ చెట్లను వదిలిపెట్టాలన్నది చర్చ. ఊరివాళ్లు తమ నోటితో చెప్పిన చెట్లనే వదలాలని, వ్యాపారి మాట చెల్లదని ముందే అనుకున్నారు. ఒక ఆఫీసరు రిపోర్టు తిరగేసి, ఈ వాలుకు సాక్ష్యమంతా కల్లేదారుదే కదా అని ఆ చెట్లను జాబితాలోంచి కొట్టేశాడు. లచ్చమ్మ అక్కడ లేదు, మిరపకాయలు ఏరే కూలికి పోయింది. నేను ఉన్నాను. పేజీ తిప్పాను. తప్పు ఒక్క చూపులో కనబడింది. లేచి చెప్పడానికి ఎంతసేపు పట్టేది?

సాయంత్రం కూలి నుంచి వస్తూ ఆమె దారిలో నన్ను ఆపింది.

"ఏంది బిడ్డా, నా చెట్లు పోయినయంట? నేను చెప్పింది రాసుకోలేదా?"

"రాసిన అవ్వా."

"మరి కల్లేదారు చెప్పిండని ఎట్లొచ్చింది? ఆకు కట్టలు లెక్కబెట్టేటోనికి మా అత్త సంగతి ఏం ఎరుక?"

"ఏమో అవ్వా. ఆఫీసోళ్లు గట్ల రాసుకున్నరేమో."

ఆమె గొంతు తగ్గించింది.

"వానితోని పైసలు తిన్నవా అని మా వాడోళ్లు నన్ను అడుగుతున్నరు. నేనే సరిగ్గ చెప్పలేదు కావచ్చు. నా తెలుగు గట్లనే ఉంటది."

నేను అవునని అనలేదు. కాదని కూడా అనలేదు. బస్సు వస్తే ఎక్కాను.

ఎందుకు దాచాను? ఉద్యోగం పోతుందనా? అది ఎలాగూ వేసవితో అయిపోయే పని. సారు తిడతారనా? ఆయన తిట్టే మనిషి కాదు. ఎంత తవ్వినా చివరికి ఒక్కటే తేలుతుంది: తప్పులు చేయనివాడు అని నాకున్న పేరు, ఊళ్లో ఆమెకున్న పేరు, రెండింట్లో ఒకటి పోవాల్సి వచ్చినప్పుడు నేను నాది ఉంచుకున్నాను. మధ్యాహ్నం దాకా అది పొరపాటు. సాయంత్రం బస్సెక్కాక కాదు.

చెట్లు నరికేశారు. ఇప్పుడు అక్కడ నీలగిరి బారులు. అవి నా సవరణతో మారవు. అయినా సవరణ రాశాను. తప్పు ఎవరిదో నా పేరుతో రాసి సంస్థకూ ఆఫీసుకూ పంపాను. ఈ ఆదివారం ఆ ఊరికి పోతున్నాను. వాళ్ల వాడలో, పైసలు తిన్నవా అని ఆమెను అడిగినవాళ్లందరి ముందు చదువుతాను. ఆమె వింటుందో, లేచి ఇంట్లోకి పోతుందో తెలియదు. క్షమించమని అడగను. ఆమె తెలుగులో ఏ లోపమూ లేదని మాత్రం ముందు చెబుతాను.

కొత్త ఫుట్‌నోట్లు పొడుగ్గా, చూడ్డానికి వికారంగా వచ్చాయి. ఒకే పేరు, ఒకే ఊరు, ఒకే రోజు, ఒకదాని కింద ఒకటి. ఒక్కదాన్నీ కుదించలేదు.