ఊరికి పోతున్నామని చెప్పిన దసరా

మైసూరు రాష్ట్రం పేరు కర్ణాటకగా మారిన కొత్తలో నేను బీదరులో ఒక బాలికల అనాథాశ్రమంలో కుట్టుపని నేర్పేదాన్ని. పద్దెనిమిదేళ్లు నిండిన పిల్లలు అక్కడ ఉండటానికి లేదు. ఆ ఏడు బయటికొచ్చిన ఒక పిల్లకు నేనే బట్టలు కుట్టే దుకాణంలో పని చూపించాను, అద్దెకు గది మాట్లాడాను. ఆశ్రమంలో అందరికీ కలిపి వండిన పిల్లకు, తనొక్కదానికి ఎన్ని బియ్యం పోసుకోవాలో తెలియదు. తాళంచెవి గదిలోనే వదిలి తాళం నొక్కేసేది.

"నేనున్న గదా, అక్కననుకో," అన్నాను.

ఆమె నిజంగానే అనుకుంది.

దసరాకు ముందు, "పండుగనాడు దుకాణం బంద్ అక్కా. మీ ఇంటికొస్త, పనిల ఆసర అయిత," అంది.

ఆ పండుగకు మా ఆడబిడ్డ కుటుంబం జహీరాబాదు నుంచి వస్తోంది. మా అత్తగారు కొత్త మనిషిని చూస్తే ముందు కులం అడుగుతారు. ఆ పిల్లకు తన కులమేదో తెలియదు. ఆ గొడవ నాకెందుకనుకున్నాను.

"మేమంత కమఠాణ పోతున్నం, చిన్నమ్మోళ్లింటికి," అన్నాను.

"మంచిదక్కా, పోయి రాండ్రి."

పండుగ సాయంత్రం ఇంటినిండా చుట్టాలు. తలుపు బార్లా తెరిచి ఉంది. ఆ పిల్ల గడప అవతల నిలబడింది. చేతిలో జమ్మి ఆకు. ఆ ఆకును బంగారమని పెద్దల చేతిలో పెట్టి మొక్కడం మా వైపు ఆచారం. నన్ను చూడగానే ఆమె మొహం వెలిగింది. వెనకాల చుట్టాలను చూశాక ఆ వెలుగు పోయింది.

"మీరుండరు గదా, తలుపు కాడ పెట్టి పోదామని వచ్చిన," అంది.

"ఎవరే ఆ పిల్ల?" లోపలినుంచి అత్తగారు.

"ఎవ్వరు గాదత్తమ్మా, ఆశ్రమం పిల్ల."

ఆమె ఆకు నా చేతిలో పెట్టి, వంగి కాళ్లు మొక్కింది. లోపలికి రమ్మనడానికి నోరు రాలేదు. రెండు భక్ష్యాలు తెద్దామని లోపలికి పోయి వచ్చేసరికి గల్లీ మలుపు దగ్గరుంది. పిలిస్తే వినబడేంత దూరమే. పిలవలేదు.

మరుసటి ఆదివారం, తప్పు ఒప్పుకుందామనే ఆమె గదికి పోయాను.

"ఆ దినం బస్సు దొరకలే, అందుకే ఉండిపోయినం," అన్నాను.

ఆమె నాకు చాయ్ అందిస్తూ, "అవును టీచరమ్మా, పండుగపూట బస్సులు యాడ దొరుకుతయి," అంది. నా అబద్ధానికి తానే ఆసరా ఇచ్చింది. తల దించుకుని చాయ్ తాగి వచ్చేశాను.

కొన్ని నెలలకు, కమలనగర్‌లో పని దొరికి ఆమె గది ఖాళీ చేసిందని ఇంటావిడ బజారులో చెప్పింది. "పత్తా ఇచ్చిపోయింది, రాసుకుంటవా?" అని అడిగింది.

రేపొచ్చి రాసుకుంటానన్నాను. పోలేదు.