లిఫ్టు మెకానిక్ ఒప్పుకున్న తప్పులు

లోకంలో ఎక్కడ ఏ తప్పు జరిగినా అది తనదేనని ఒప్పుకోవడం లిఫ్టు మెకానిక్‌కున్న ఏకైక దురలవాటు. తాగుడు లేదు, పేకాట లేదు, ఇదొక్కటే. బస్సులో ఎవరైనా తన కాలు తొక్కితే, కాలు అడ్డంగా పెట్టినందుకు ఆయనే క్షమించమనేవాడు. సెలూన్‌లో కత్తెర తగిలి చెవి తెగితే, తన చెవులు పుట్టినప్పటి నుంచీ కాస్త పెద్దవేనని కత్తెర పట్టుకున్నవాణ్ణి ఓదార్చి వచ్చాడు.

ఆయన ఉండే మేడలో లిఫ్టు ఎవరో వేరే కంపెనీవాళ్లు పెట్టింది. అది చెడిపోయి ఏడు నెలలైంది. మెట్లెక్కుతూ ఆయాసపడే ప్రతి మనిషికీ మూడో అంతస్తు గుమ్మంలో నిలబడి ఆయన క్షమాపణ చెప్పుకునేవాడు. నాలుగైదుసార్లు చెప్పించుకున్నవాళ్లు, దాన్ని పాడుచేసింది ఈయనేనని నిజంగానే నమ్మడం మొదలుపెట్టారు.

భార్య బాధ వేరు. ముప్పై నాలుగేళ్ల కాపురంలో ఆవిడ మొదలుపెట్టిన పోట్లాట ఒక్కటీ రెండో మాట దాటలేదు. ఆవిడ నోరు తెరవగానే తప్పు నాదే అనేసేవాడు. ఒకసారి ఆవిడ విసిగిపోయి, అసలు నేనేం అనబోతున్నానో చెప్పండి చూద్దాం అని నిలదీసింది. తెలియదు, అదీ నా తప్పే అన్నాడు.

వీళ్లందరికంటే ఎక్కువ భరించినవాడు బైండరు. నలభై ఏళ్ల స్నేహం. కుర్రతనంలో ఇద్దరూ ఒక పాటల బృందంలో ఉండేవారు. బైండరు డ్రమ్స్, మెకానిక్ బేస్ గిటార్. ఆ తర్వాత ఒకడు పుస్తకాలు కుట్టడంలోనూ, ఇంకొకడు లిఫ్టు గుంతల్లోనూ పడిపోయారు. గిటారు అటకెక్కింది. డ్రమ్స్ బైండింగ్ షాపు వెనకగదిలో అట్టల కట్టల కింద కనబడకుండా పోయాయి.

అరవయ్యో ఏట బైండరుకి పక్షవాతం వచ్చింది. కుడివైపు. చెయ్యి తొందరగానే మాట విన్నది, కాలు మొరాయించింది. ఏడాదిపాటు షాపు తలుపు తీయలేదు. గోడకేసి తిరిగి పడుకునేవాడు. చూడటానికి ఎవరొచ్చినా నిద్ర నటించేవాడు.

అలాంటి రోజుల్లో ఒక మధ్యాహ్నం మెకానిక్ గిటారు భుజాన వేసుకుని వచ్చి మంచం పక్కన కూర్చున్నాడు. రిటైరయ్యాక మళ్లీ బేస్ నేర్చుకుంటున్నాననీ, వేళ్లకి బొబ్బలెక్కినా తాళం మాత్రం నిలబడటం లేదనీ, పక్కన డ్రమ్స్ లేకపోతే తన వల్ల కాదనీ మొరపెట్టుకున్నాడు. వాడి అవస్థ చూసి జాలిపడి బైండరు మంచం దిగాడు, షాపు తెరిపించి వెనకగదిలో డ్రమ్స్ మీది అట్టల కట్టలు దింపించాడు.

మొదటి రెండు నెలలూ నరకమే. మెకానిక్‌వి ముప్పై అయిదేళ్లు పానాలు తిప్పిన వేళ్లు. తీగ నొక్కమంటే బోల్టు బిగించినట్టు బిగించేవాడు. ఒకసారి తీగ తెగి మీసానికి తగిలింది. మెకానిక్ తీగకే క్షమాపణ చెప్పాడు. వేళ్లు చూసుకుంటే తాళం మరిచేవాడు, తాళం లెక్కపెడితే వేళ్లు ఎక్కడున్నాయో మరిచేవాడు. బైండరు తిడుతూ నేర్పించాడు. తిట్టడానికి ఒక మనిషి దొరికాక ఆయనకి ఆకలి కూడా వెయ్యసాగింది.

కీబోర్డు వాయిస్తూ పాడటానికి రిటైరైన నర్సమ్మ ఒకావిడ ఒప్పుకుంది. బైండరు చేత పుస్తకాలు కుట్టించుకునే గ్రంథాలయంవాళ్లు తమ వార్షికోత్సవంలో ఒక్క పాటకి చోటిచ్చారు. ఆ ఒక్క పాటతో తాను పూర్తిగా కోలుకున్నానని నలుగురికీ చూపించాలని బైండరు పట్టుదల.

ఆ పట్టుదలకి మెకానిక్ అడ్డుపడ్డాడు. పాట ఎత్తుకోవడం బాగానే ఎత్తుకునేవారు. రెండు చరణాలు సాఫీగా నడిచేవి. మూడో చరణంలోకి అడుగు పెట్టగానే బేస్ ఠక్కున ఆగిపోయేది.

"తప్పు నాదే. మొదటినుంచీ వద్దాం."

మొదటినుంచీ వచ్చేవారు. మళ్లీ మూడో చరణం, మళ్లీ అదే మాట. ఒక మధ్యాహ్నం పదకొండుసార్లు అయింది. బైండరు అరిచాడు, బతిమాలాడు, చివరికి డ్రమ్స్ పుల్లలు తీసుకెళ్లి జిగురు గిన్నెలో గుచ్చాడు. వాటిని కడిగి తెచ్చిందీ మెకానిక్కే. నర్సమ్మ మాత్రం ఒక్కమాటా అనకుండా వేడినీళ్లు తాగుతూ కూర్చునేది. ఆవిడ ఓపిక చూసి బైండరుకి ఇంకా ఒళ్లు మండేది.

రోజులు దగ్గరపడేకొద్దీ ఆయనకి ఆశ చచ్చిపోయింది. అన్నం ముందు కూర్చుని లేచిపోయేవాడు. కాలికంటే ముందు స్నేహితుడే తనని కుంటివాణ్ణి చేసేలా ఉన్నాడనిపించింది. మళ్లీ గోడకేసి తిరిగి పడుకోవడం మొదలైంది. వార్షికోత్సవం ఇంక రెండు రోజులుందనగా తెగించాడు. నువ్వు రావద్దు, డ్రమ్సూ పాటా చాలు అని మొహం మీదే చెప్పేద్దామని పొద్దున్నే మెకానిక్ ఇంటికి బయల్దేరాడు.

లిఫ్టు లేదు. మెట్ల పక్క కమ్మీ పట్టుకుని ఒక్కో మెట్టూ ఎక్కి, రెండో అంతస్తు మలుపులో కూలబడ్డాడు. పైనుంచి బేస్ వినబడుతోంది. అదే పాట. మొదటి చరణం తప్పు లేకుండా గడిచింది, రెండోదీ గడిచింది. ఇంట్లో ఇంత బాగా వాయించేవాడికి అక్కడ ఏం రోగమని బైండరు పళ్లు కొరుక్కున్నాడు. ఆయనకి తెలియకుండానే, పెద్ద డ్రమ్ము పెడల్ తొక్కే కుడికాలు మెట్టు మీద తాళం వేస్తోంది.

మూడో చరణం వచ్చింది. బేస్ ఆగలేదు. కాలు ఆగింది.

పూర్తిగా ఆగలేదు, ఒక రవ్వ వెనకబడింది. మెట్లెక్కిన అలసట అనుకుని బలంగా కొట్టాడు. ఇంకో రవ్వ వెనకబడింది. కింద తానున్నట్టు పైన వాయించేవాడికి తెలియదు. అందుకే వాడు కాలి కోసం చూడకుండా సాగిపోతున్నాడు. మూడు నెలలుగా ఆ పాట సరిగ్గా ఎక్కడ ఆగుతూ వచ్చిందో బైండరుకి అప్పుడు తెలిసింది. మెట్టు మీదున్న కాలిని రెండు చేతులతో పట్టుకుని అలాగే ఉండిపోయాడు.

కూరగాయల సంచీతో మెట్లెక్కి వస్తున్న మెకానిక్ భార్య ఆయన్ని చూసి కంగారుపడింది.

"ఏమ్మా, వీడు ఇంట్లో ఎప్పుడూ ఇలాగే వాయిస్తాడా?" అని అడిగాడు.

"రోజూ అంతే అన్నయ్యగారూ. మొదలుపెడితే ఆపరు. ఆపితే ఇంత టిఫిన్ పెడదామని నేను చూస్తుంటాను."

గుమ్మంలో బైండరుని చూడగానే మెకానిక్ గిటారు దించేసి, లిఫ్టు గురించి మొదలుపెట్టబోయాడు. బైండరు చెయ్యెత్తి ఆపాడు.

"నా కాలు ఎన్నాళ్ల నుంచి వెనకబడుతోందిరా?"

"కాలా? కాలికేం? నేనే తీగ తప్పి..."

"అన్ని తప్పులూ నువ్వే పట్టుకుపోతే మాకేం మిగులుతుంది? ఈ ఒక్కటి నాది. నాకు వదిలెయ్."

జన్మలో మొదటిసారి ఒక తప్పు వేరేవాళ్లకి వదిలిపెట్టడం మెకానిక్‌కి కష్టంగానే ఉంది. చివరికి, మూడో చరణం నుంచి కాలు తీసెయ్యి, ఆ దెబ్బ నేను తీగ మీద కొడతా, నువ్వు చేతుల పని చూసుకో అన్నాడు.

ఆ రెండు రోజులూ ఇద్దరే కూర్చుని అదొక్కటే సాధన చేశారు. నర్సమ్మ గొంతుకి విశ్రాంతి ఇచ్చారు. సంగతి చెబితే ఆవిడ, ఆ కాలు నడక మొదటిరోజే కనిపెట్టానని మాత్రం అంది.

వార్షికోత్సవంలో మూడో చరణం వచ్చింది. బైండరు కాలు పక్కకి పెట్టాడు. అది కొట్టాల్సిన చోటల్లా బేస్ గుమ్మని మోగింది. సభలో ఎవరికీ ఏమీ తెలియలేదు. పాట ఆ చరణం దాటిపోయింది. దాటిపోయాక గానీ ముగ్గురికీ గుర్తు రాలేదు, దీన్ని ఎలా ముగించాలో తాము ఎన్నడూ అనుకోలేదని. అంతదూరం ఎప్పుడైనా వస్తే కదా.

నర్సమ్మ చివరి పాదం రెండుసార్లు పాడి వెనక్కి చూసింది. వీళ్లిద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకుంటూ వాయిస్తున్నారు. ఆరోసారి పాడాక ఆవిడ మైకు అధ్యక్షుడి చేతిలో పెట్టి, వెళ్లి మొదటి వరసలో మెకానిక్ భార్య పక్కన కూర్చుంది. అధ్యక్షుడు చేసేదేమీ లేక వందన సమర్పణ చదవడం మొదలుపెట్టాడు. ఆయనకి తెలియకుండానే పుస్తకాలిచ్చిన దాతల పేర్లన్నీ ఒక్కటీ తప్పకుండా తాళానికి పడ్డాయి.