రెండు ‘ఇప్పపూల దారి’ పాటలు

మణుగూరు బస్టాండు దగ్గర నాకొక చిన్న సెల్‌ఫోన్ దుకాణం ఉంది. అడవి లోపలి ఊళ్ళకు సిగ్నల్ సరిగా అందదు కాబట్టి అక్కడివాళ్ళు సంతరోజు వచ్చి మెమరీ కార్డుల్లో పాటలు నింపించుకుని పోతారు. నా బడి చదువు పదో తరగతితో ఆగింది. ఆ తర్వాత చదివిందంతా శాఖా గ్రంథాలయంలోనే. పుస్తకాలు వరసగా పెట్టే పద్ధతి మీద అక్కడ దొరికిన ఒక పాత పుస్తకాన్ని రెండుసార్లు చదివి, నా కంప్యూటర్లోని పాటలన్నీ అలాగే సర్దాను. ఏది అడిగినా నిమిషంలో తీసిస్తానని నాకు గర్వంగా ఉండేది.

‘ఇప్పపూల దారి’ అనే పాట మా వైపు ఊళ్ళన్నింటిలో మోగేది. ఒక కోయ యువకుడు పెళ్ళి పందిట్లో పాడుతుంటే ఎవరో ఫోన్లో పట్టుకున్నది. చీకటితో లేచి పూలు ఏరడానికి పోయేవాళ్ళ పాట. నిరుడు అదే పేరుతో ఇంకో పాట వచ్చింది. ఒక గాయని స్టూడియోలో పాడిన ప్రేమపాట. డప్పు దరువు గట్టిగా ఉండేసరికి ఆటోలన్నింటిలో అదే. దాన్ని ఎక్కిస్తుంటే, ఈ పేరుతో ఒకటి ఉంది, తీసేసి ఇది పెట్టమంటారా అని కంప్యూటర్ అడిగింది. పాతదాన్నే బాగా రికార్డు చేశారనుకుని, వినకుండానే సరే అని నొక్కాను.

ఎండాకాలంలో లోపలి ఊరి నుంచి ఒకామె వచ్చింది. ఫోను వాగులో పడి కార్డు పాడైందని కొత్తది నింపించుకుని పోయింది. మరుసటి సంతకు వచ్చి ఆ కార్డు బల్ల మీద పెట్టింది.

“అన్నా, ఇండ్ల మా తమ్ముడు లేడు.”

“పాట ఉన్నది గదా అక్కా, ‘ఇప్పపూల దారి’.”

“పేరు గదే. పాడేది ఎవరో ఆడామె. మా తమ్ముడు పోయి ఏడాది కావస్తుంది. వాని బిడ్డకు అయ్య గొంతు అదొక్కటే.”

“ఊళ్ళె ఇంకెవరి తాననన్న ఉంటది.”

“అందరం నీ తాననే నింపుకునుడాయె.”

గ్రంథాలయంలో ఒకే పేరున్న రెండు నవలలు నేను చూసినవే. రచయితను బట్టి వేర్వేరు చోట్ల ఉంటాయి. నేను చదివిన పుస్తకంలో మొదటి పాఠమే అది. నా పాటల్లో మాత్రం పాడినవాళ్ళ పేరు ఎక్కడా రాయలేదు.

ఆ వారమంతా వచ్చిన ప్రతి మనిషి కార్డూ వెతికాను. అందరూ కొత్త పాటల కోసం మళ్ళీ నా దగ్గరే నింపించుకున్నవాళ్ళు కావడంతో అన్నింట్లో గాయని పాటే. “గన్ని బుక్కులు సదివినవ్, ఒక్క పాట కాపాడలేకపోయినవా?” అన్నాడొక ఆటో డ్రైవర్.

చివరికి పక్క సందులో బట్టలు కుట్టే ముసలి సాయిబును అడిగాను. మిషను పక్కన ఆయనకు కార్డు పెట్టి వినే పాటల డబ్బా ఒకటి ఉంది.

“కార్డు ఎప్పుడు మార్పించినవ్ చాచా?”

“ఎందుకు మార్చాలె? నువ్వు దుకాణం పెట్టినప్పుడు నింపిచ్చినవ్. గవే ఇంటున్న.”

“‘ఇప్పపూల దారి’ ఉన్నదా?”

“అవ్. పాడేముందు దగ్గుతడు, గా పోరనిదే గదా?”

చాచా కార్డులోంచి ఆ పాటను నా కంప్యూటర్లోకి ఎక్కించుకున్నాను. తరువాతి సంతకు ఆమె తమ్ముని బిడ్డను, నాలుగేళ్ళ పిల్లను వెంటబెట్టుకుని వచ్చింది. పాట పెట్టాను. మొదట దగ్గు వినబడగానే ఆమె చెంగు నోటికి అడ్డం పెట్టుకుంది. పిల్ల కదలకుండా స్పీకరు వైపే చూసింది.

పాట అయిపోయాక ఆమె, “గా ఆడామె పాట తీయకు అన్నా” అంది. “పిల్ల దానికి ఎగురుతది. రెండూ ఉండనీ.”

“తీయను అక్కా. తమ్ముని పేరు చెప్పు, రాస్తా.”

పేరు చెప్పింది, ఊరు చెప్పింది. పాట పేరు పక్కన రెండూ రాసి, రెండు పాటలూ ఆమె కార్డులో నింపాను. కార్డు అందుకోబోయి ఆగింది.

“ఇంకోపాలి పెట్టు, పోతం.”

మళ్ళీ దగ్గు దగ్గర నుంచి పెట్టాను.