లేగోస్ నుంచి నైరోబీకి ఐదు గంటలు

ఆ రెండు రోజులూ ఫోన్‌లో నేను వెతికింది ఒక్కటే: లేగోస్ నుంచి నైరోబీకి ఎంత దూరం, విమానంలో ఎంతసేపు. నాలుగు వేల కిలోమీటర్లకు కాస్త తక్కువ, సుమారు ఐదు గంటలు. ఇంకోసారి చూస్తే తగ్గుతుందేమోనని మళ్ళీ చూసేదాన్ని. తగ్గలేదు.

తమ్ముడు లేగోస్‌లో ఓడల మరమ్మతు యార్డులో వెల్డరు. ఇక్కడ ఆసుపత్రివాళ్ళు నాన్నను ఇంటికి తీసుకుపొమ్మన్నారు. ఇక చేసేదేమీ లేదని దానర్థం. మల్కాపురంలో మా ముందుగదిలోనే మంచం వేసి పడుకోబెట్టాను. తమ్ముడికి నైరోబీ మీదుగా టికెట్ దొరికింది. అక్కడి నుంచి ముంబై, ముంబై నుంచి విశాఖ. నాన్న కొడుకును చూసి పోవాలి. నాకు అంతకు మించి ఏ కోరికా మిగల్లేదు.

నాన్న పోర్టులో కళాసీగా చేసి రిటైరయ్యాడు. ప్రపంచంలో ఉన్నవన్నీ ఆయనకు రేవులే, దూరాలన్నీ ఓడ లెక్కే. విజయనగరం చుట్టాలు బస్సు దిగి వచ్చినా "ఏ బెర్తుకొచ్చేరు?" అని ఆటపట్టించేవాడు. బెర్తంటే రేవులో ఓడను కట్టే చోటు. విమానం మాత్రం ఆయన ఎప్పుడూ ఎక్కలేదు, ఆ లెక్క ఆయన బుర్రకూ ఎక్కలేదు.

"ఆడెక్కడున్నాడమ్మీ?" అనడిగాడు రెండో రోజు రాత్రి.

"లేగోస్‌లో విమానమెక్కాడు నాన్నా. నైరోబీ వచ్చేత్తన్నాడు."

"నైరోబీకి రేవు లేదు గదా. మొంబాసాలో దిగాల." కళ్ళు మూసుకుని దారి వెతుక్కున్నాడు. "అటేపు నుంచి ఇటేపుకంటే ఆఫ్రికా కిందనుంచి సుట్టుకు రావాల. నెల పడతాది. నానుండను. ఎనక్కెళ్ళిపొమ్మను. పనెందుకు పాడుసేసుకోడం?"

"విమానం నాన్నా! నేల మీదుగా అడ్డంగా వచ్చేత్తాది. ఐదు గంటలే!"

అరిచాను. చావబోయే మనిషి మీద అరిచాను. కోపం ఆయన మీద కాదు, ఆ ఖండం మీద. అంత వెడల్పు దేనికి దానికి?

"నాకు సెప్తావేటి," అన్నాడు. నీళ్ళు పట్టబోతే మొహం తిప్పేసుకున్నాడు. కొడుకు రాలేడని తేల్చేసుకున్నాక ఎదురుచూడటం మానేశాడు. డాక్టర్లు చేతులెత్తేసినప్పుడు కూడా నేనంత బెంబేలెత్తలేదు. చెంచా పెదాల దగ్గర పెట్టి బతిమాలాను, తిట్టాను, ఏడ్చాను. పళ్ళు బిగించాడు.

మర్నాడు తెల్లారాక తమ్ముడు ఫోన్ చేశాడు.

"నైరోబీలో దిగానక్కా. నాన్నకెలాగుంది?"

ఉన్నాడని చెప్పి పెట్టేశాను. నాన్న ఊపిరి అప్పటికే తెగి తెగి వస్తోంది. తమ్ముడు ఇంకో విమానం ఎక్కాలి, మధ్యలో సముద్రమంతా ఉంది. ఏం చెయ్యను?

చెవి దగ్గరకు వంగి, "దిగీసేడు నాన్నా," అన్నాను.

కళ్ళు తెరిచాడు. "ఏ బెర్తు?"

నైరోబీ అనడానికి నోరు రాలేదు.

"మూడో నంబరు."

"దగ్గిరే గదా," అన్నాడు. "నడిసొచ్చేత్తాడు."

చెంచా పెడితే ఈసారి నోరు తెరిచాడు. రెండు గుక్కలు మింగి గుమ్మం వైపు తల తిప్పుకున్నాడు. అటు చూస్తూనే పోయాడు. తమ్ముడు అప్పటికింకా ముంబై విమానం ఎక్కనేలేదు.