కారణాలమ్మ

ఆఫీసులో ఆవిణ్ణి అందరూ కారణాలమ్మ అంటారు. ఎదురుగానే అంటారు, ఆవిడా పలుకుతుంది. నేరం చేసి దొరికినవాణ్ణి జైల్లో వెయ్యాలా, బయటే ఉంచి కనిపెట్టుకోవాలా అని జడ్జి అడిగితే రిపోర్టు రాసిచ్చే ఆఫీసది. ఆఫీసరు సారు ఆ నేరం చేసినవాళ్ళ ఇళ్ళకి వెళ్ళి ఇరవై రెండు ప్రశ్నలడిగి, ఆయనకే అర్థంకాని రాతలో రాసుకొస్తాడు. ఆవిడ టైపు చేస్తుంది. పద్దెనిమిదేళ్ళుగా అదే పని.

రిపోర్టులో చివరి గడి పేరు "మానసిక కారణం". దానికోసం ఆవిడ కంప్యూటర్లో ఎనిమిది పేరాలు సిద్ధంగా ఉంటాయి. చిన్నప్పుడే తల్లి పోవడం ఒకటి, చెడు సావాసం ఒకటి, నలుగురిలో అవమానం ఒకటి. మూడో పేరా, తాగొచ్చి కొట్టే తండ్రి. జడ్జిగారు దానికి ఇట్టే కరిగిపోతారు.

ఫర్నిచర్ షాపులో పనిచేసే ఒకడు, ఇరవై నాలుగేళ్ళవాడు, పట్టపగలు ఓనరు వ్యాను తగలబెట్టాడు. తగువు లేదు, పగ లేదు. ఎందుకు చేశావురా అంటే "ఏమో" అన్నాడు. సారు ఆ గడిలో "తెలియలేదు" అని రాసి ఊరుకున్నాడు. అలా పంపితే ఫైలు వెళ్ళినంత వేగంగా తిరిగొస్తుంది. ఆవిడకేమో మూడింటికి కళ్ళ డాక్టరు. మూడో పేరా అతికించి సంతకానికి పెట్టేసింది. సారు చదవకుండానే గీకి పడేశాడు.

వాడికి జైలు తప్పింది. పుణ్యం కట్టుకున్నాననుకుంది ఆవిడ. షరతులు రెండే. వాడు ఏడాదిపాటు పిన్ని ఇంట్లో ఉండాలి. తండ్రి ప్రతి గురువారం ఆఫీసు వెనక గదిలో తాగుడు మాన్పించే క్లాసుకి రావాలి.

మొదటి గురువారం ఆ తండ్రి గంట ముందే వచ్చి ఆవిడ బల్ల ముందు నిలబడ్డాడు. కుట్టుమిషన్లు బాగుచేసే మనిషి. చేతిలో రిపోర్టు కాపీ.

"ఏమనుకోకండి మేడం. ఒక్క ముక్క చెప్పండి చాలు. నేను వాణ్ణి కొట్టింది ఎప్పుడు?"

ఆవిడ కాపీలోకి తొంగిచూసింది. మూడో పేరా.

"తాగుడంటారా, దగ్గు మందుకే నాకు తల తిరుగుతుంది. అది పోనీండి. చదువుకున్నవాళ్ళు ఊరికే రాయరు కదా. పది రోజులుగా బుర్ర బద్దలు కొట్టుకుంటున్నా. ఆరేళ్ళప్పుడు సూదుల డబ్బా ఒలకబోశాడని జబ్బ పట్టుకు లాగాను. అదేనా? మా ఆవిడైతే, 'నేను లేనప్పుడు ఏం చేసేవాడివో చెప్పు' అని పీకల మీద కూర్చుంది."

"మీ అబ్బాయి ఏమంటున్నాడు?"

"మొదట్లో నవ్వాడు. మొన్న ఫోన్ చేస్తే, 'నువ్వు కొట్టబట్టే నాన్నా నేనిలా తయారయ్యా' అన్నాడు. ఏడ్చాడు కూడా. ఏ రోజో చెప్పమ్మా. కన్నకొడుకైనా సరే, కాళ్ళు పట్టుకుంటా."

సారు గది తలుపు మూసే ఉంది. ఆవిడ నోరు మెదపకపోతే ఈ జన్మకి ఎవరికీ తెలీదు. అదే ఆవిణ్ణి కుదురుగా కూర్చోనివ్వలేదు.

"మీరు కొట్టలేదు. అది మీ గురించి రాసింది కాదండీ. ఎవరెవరికో పెట్టే ముక్క తెచ్చి నేనే మీకు పెట్టాను. సారు తెలియలేదనే రాశారు."

తిడతాడనుకుంది. తిడితే బాగుండుననుకుంది. ఆయన కుర్చీ లాక్కుని కూలబడ్డాడు. మొహంలోకి కాస్త ప్రాణం వచ్చింది, అంతలోనే పోయింది.

"మరైతే వాడెందుకు తగలబెట్టాడమ్మా?"

వందలమందికి కారణాలు అంటగట్టిన మనిషి ఆవిడ.

"తెలీదండీ... సారుతో చెప్పి దిద్దిస్తాను. నా ఉద్యోగం పోతే పోయింది. కాకపోతే ఫైలు మళ్ళీ జడ్జి దగ్గరికెళ్తుంది. వాణ్ణి లోపల వేసినా వేస్తారు."

"ఎన్నాళ్ళు?"

"రెండేళ్ళు."

ఆయన కాపీని నాలుగు మడతలు పెట్టి జేబులో దోపుకున్నాడు. "అలాగే ఉండనీ."

"కనీసం ఇంట్లోవాళ్ళకైనా నేను ఫోన్ చేసి..."

"మా ఆవిడకి చెబితే కడుపులో దాచుకోలేదు, వాడి చెవిన వేస్తుంది. వాడికి వాడంటేనే భయంగా ఉండేదటమ్మా, తన చేతులు మళ్ళీ ఏం చేస్తాయోనని. ఇది చదివాక పోయిందట. ఇప్పుడిప్పుడే కడుపునిండా తింటున్నాడు. దాన్ని లాక్కోవద్దు." లేచి, గొంతు తగ్గించాడు. "లోపల, రోజుకి ఎంత తాగుతావని అడుగుతారా?"

"అడుగుతారు."

"ఒక సీసా అంటే చాలా? మరీ ఎక్కువవుతుందా?"

ఆవిడ తల వంచుకుని, చాలంది.

క్లాసు మొదలయ్యాక హాజరు కాగితం పట్టుకుని వెళ్ళింది. పదకొండుమంది మగాళ్ళు నేల చూపులు చూస్తూ కూర్చున్నారు. "ఇంట్లో పిల్లల మీద చెయ్యి చేసుకున్నవాళ్ళు చేతులెత్తండి" అన్నాడు క్లాసు చెప్పేవాడు.

ఒక్క చెయ్యే లేచింది.

"శభాష్! నిజం ఒప్పుకోవడానికి గుండె కావాలి. ఏదీ, అందరూ చప్పట్లు!"

అందరూ కొట్టారు. క్లాసు చెప్పేవాడు గుమ్మంలో నిలబడ్డ ఆవిడవైపు కూడా చూశాడు, మీరూ కానివ్వండి మేడం అన్నట్టు. కాగితాన్ని చంకలో ఇరికించుకుని ఆవిడా కొట్టింది.